చేతిక్రిందివాడా, జతపనివాడా?

ధ్యాన భాగములు: యోహాను 15:15, 2 తిమోతి 2:1-2, ఫిలిప్పీ 2:19-22



కోతకు పనివారిని పంపుమని ప్రభువును వేడుకొనుట మన సంఘములన్నిటిలో జరుగు ప్రార్థన. మంచి ప్రార్థనయే, ప్రభువే నేర్పినది. అయితే ఆ ప్రార్థన జరుగుచుండగా ఒక్కసారి కన్నులు తెరచి మందిరము వెనుకతట్టు చూచినయెడల, మనము అడుగుచున్న పనివాడు అక్కడనే నిలిచియుండుట కనబడును. వయస్సు ఇరువది, ఇరువదియైదు. ఉదయమున గంట కొట్టినది అతడే. చాపలు పరచినది, మైకు సరిచేసినది, నడువలేని ముసలమ్మను ఆటోలో తీసికొనివచ్చినది అతడే. క్రిస్మసు వచ్చినప్పుడు నక్షత్రము కట్టునది, ఎవరైన చనిపోయినప్పుడు సమాధి త్రవ్వుటకు ముందుగా పలుగు పట్టుకొనునది అతడే. ఎనిమిది పది సంవత్సరములుగా ఈ పనులు చేయుచున్నాడు. మరి పది సంవత్సరములు ఉన్నను ఇవే పనులు చేయును. అంతలో ఏ విజయవాడకో హైదరాబాదుకో బ్రతుకుతెరువు చూచుకొని పోవును. అప్పుడు మనము అరుగుమీద కూర్చుండి, ఈ కాలపు యౌవనస్థులకు దేవుని పనియందు ఆసక్తి లేదని చెప్పుకొందుము.

ఇట్టివానిని గూర్చి నేను మీ యెదుట ఉంచగోరు ప్రశ్న ఒక్కటే. ఒక యౌవనస్థునికి పని అప్పగించినంత మాత్రమున అతడు పరిచర్యలో మనకు జతపనివాడగునా? కాడని నా అభిప్రాయము. ఆ అభిప్రాయము నాది మాత్రమే కాదు, ప్రభువు ఒక రాత్రి పలికిన మాటమీద ఆధారపడియున్నది.

ప్రభువు అప్పగింపబడిన రాత్రి తన శిష్యులకు ఒక పేరు తీసివేసి మరియొక పేరు పెట్టెను. దాసులను పేరు పోయినది, స్నేహితులను పేరు వచ్చినది. అందుకు ఆయన చెప్పిన కారణము గమనింపుడి. వారి పని తగ్గినందున కాదు. ఆ తరువాత వారి పని మరింత పెరిగెను. వారు గొప్పవారైనందున కాదు. యజమానుడు ఏమి చేయుచున్నాడో దాసునికి తెలియదు, వీరికైతే తండ్రియొద్ద తాను వినినదంతయు తెలియజేసియున్నాడు. ఇదియే కారణము. దాసునికిని స్నేహితునికిని భేదము చేయు పనిలో లేదు, తెలిసియుండుటలో ఉన్నది. ఇద్దరును ఒకే బరువు మోయవచ్చును. బరువు ఎక్కడికి పోవుచున్నదో, ఎందుకు పోవుచున్నదో ఒకనికి చెప్పబడినది, మరియొకనికి చెప్పబడలేదు.

ఈ కొలతతో మన సంఘములను కొలిచి చూచుకొందము. చాపలు పరచు యౌవనస్థునికి కానుకల లెక్క తెలియునా? మందిరపు పైకప్పునకు ఎంత కూడినది, ఎంత తక్కువైనది అతనికి ఎవరైన చెప్పిరా? ఫలానా కుటుంబము ఆరు నెలలుగా ఆరాధనకు ఎందుకు రాకున్నదో, ఆ యింటికి పోయినప్పుడు ఏమి మాటలాడవలెనో, ఏమి మాటలాడకూడదో అతనితో పంచుకొంటిమా? పాస్టరేటు కమిటీలో ఒక సంగతి నిర్ణయమైన తరువాత, 'నాయనా, ఇది చేయుము' అని చెప్పుచున్నాము గాని, నిర్ణయము కాకమునుపు 'నీకేమి తోచుచున్నది?' అని అడిగినది ఎన్నడు? అడిగినను అతడు, 'అయ్యగారు ఎట్లు చెప్పిన అట్లే' అనును. ఆ మాట వినుటకు మనకు ఇంపుగానే యుండును. అది వినయమా, భయమా, లేక చెప్పినను వినువారు లేరను విసుగా అని మనము విచారింపము.

అపొస్తలుడైన పౌలు తిమోతిని చేర్చుకొనిన విధము వేరు. లుస్త్రలో అతనిని కనుగొనినప్పుడు మొదట చూచినది అక్కడి సహోదరులు ఇచ్చిన మంచి సాక్ష్యము (అపొ. 16:2). పిమ్మట వెంటబెట్టుకొని పోయెను. నడచిన దారి, ఎక్కిన ఓడ, తిన్న దెబ్బలు, రాత్రులు చేసిన డేరాల పని, అన్నియు ఆ యౌవనస్థుని కన్నుల యెదుటనే జరిగినవి. తన బోధ మాత్రమే కాదు, తన ప్రవర్తన, ఉద్దేశము, ఓర్పు, హింసలు అన్నియు అతడు దగ్గరనుండి చూచెనని తరువాత తానే వ్రాసెను (2 తిమోతి 3:10-11). దాచుకొనినది లేదు. అటుపిమ్మట ఒంటరిగా పంపెను, అదియు తేలికైన చోట్లకు కాదు. శ్రమలలోనున్న థెస్సలొనీక సంఘమునకు పంపెను. గుంపులు గుంపులుగా చీలి పౌలునే ప్రశ్నించుచున్న కొరింథునకు పంపెను. పంపుచు ఆ సంఘమువారికి, అతడు మీయొద్ద భయపడకుండ చూడుడి, ఎవడును అతనిని తృణీకరింపకూడదు అను భావముతో ముందుగానే వ్రాసెను (1 కొరింథీ 16:10-11). పెద్దవాడు చిన్నవానికి చేయవలసిన సహాయములలో ఇది ఒకటి. వెనుక నిలిచి, ఇతని మాట నా మాటయే అని నలుగురిలో చెప్పవలెను. మనమైతే యౌవనస్థుని ప్రసంగమునకు నిలువబెట్టి, అతడు కూర్చుండగానే లేచి, 'మన తమ్ముడు చెప్పినది బాగుగానే ఉన్నది గాని' అని ఆరంభించి అరగంట సవరించుచుందుము.

మరియొకటి. క్రొత్త నిబంధనలో ఆరు పత్రికల మొదటి వచనములలో పౌలు పేరు ప్రక్కన తిమోతి పేరు కనబడును. వ్రాయించినవాడు పౌలు. జ్ఞానము పౌలుది. చెరసాలలో నున్నవాడు పౌలు. అయినను ఇద్దరి పేరట పంపెను. తన పేరు ప్రక్కన ఆ పిల్లవాని పేరు పెట్టినందున తన పేరు చిన్నదగునని అతడు తలంపలేదు.

మామిడితోటల మధ్య బ్రదుకుచున్న మనకు ఈ సంగతి చూపుటకు దూరము పోనక్కరలేదు. నూజివీడు 2022లో కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి మారినది గాని చిన్నరసాలు, పెద్దరసాలు ఏ జిల్లా కాగితమును చూచి కాయవు. అంటు కట్టుట మీలో అనేకులకు చేతిపని. ఇప్పుడు నర్సరీలలో తల్లిచెట్టునుండి చిన్న పుల్లను కోసి తెచ్చి కట్టు పద్ధతులు ఎక్కువైనవి. నేను చెప్పునది పాత పద్ధతి. టెంకనుండి మొలచిన మొక్కను కుండీతో కూడ తల్లిచెట్టు కొమ్మదగ్గరకే తీసికొనిపోవుదురు. మొక్క కాండమున ఒక చెక్కు, కొమ్మకు ఒక చెక్కు కత్తితో తీసి, ఆ రెండు గాయములను ఒకదానికొకటి ఆనించి నారతో బిగించి కట్టుదురు. రెండు మూడు నెలలు అట్లే ఉంచుదురు. ఆ కాలమంతయు కొమ్మ తల్లిచెట్టు పాలు త్రాగుచునే యుండును, క్రింది వేరునుండి కూడ కొంచెము కొంచెముగా త్రాగ నేర్చుకొనును.

ఇక్కడ రెండు సంగతులు చూడవలెను. గాయము ఒక్కదానికే కాదు, రెంటికిని తగులును. చెక్కు తీయనిచ్చుకొనని కొమ్మకు ఏ మొక్కయు అతుకదు. పెద్దవాడు తన బలహీనతను, తన సందేహమును, తాను తెలిసికొనలేకపోయిన దానిని చిన్నవాని యెదుట విప్పకుండ, ఎప్పుడును బెరడుతోనే నిలిచియున్నంతకాలము, ఎంత గట్టిగా కట్టినను అది కట్టుగానే యుండును. రెండవది, అతికిన పిమ్మట కొమ్మను తల్లినుండి కోయవలెను. ఒక్కసారిగా కోసిన వాడిపోవును గనుక తెలిసినవాడు మొదట కొంత గాటు పెట్టును, కొన్ని దినములు ఆగి గాటు లోతు చేయును, పిమ్మట తెగగోయును. కోయకపోయిన ఏమగును? కొమ్మ పచ్చగానే యుండును, చూచుటకు ఏ లోపమును ఉండదు. కాని అది ఎన్నటికిని వేరొక తోటలో నిలువదు. తల్లిచెట్టు కొమ్మగానే మిగులును.

మన సంఘములలో అనేకమంది యౌవనస్థులు ఈ స్థితిలో ఉన్నారని నా తలంపు. అతికిరి. పచ్చగా ఉన్నారు. కత్తి తీసినవారు లేరు. మరికొన్ని చోట్ల దీనికి విరోధముగా, ఆరు వారములు సండే స్కూలు పాఠము చెప్పిన పిల్లవానిని ఒంటరిగా ఒక గూడెమునకు పంపి, తిరిగి ఒక్కసారియైన పోయి చూడక, అతడు వాడిపోయిన తరువాత, వానికి పిలుపు లేదని తేల్చుదుము.

అయితే ఈ ఉపమానము కొంతదూరమే నడచును. అంటుమొక్క తల్లిచెట్టు కాయనే కాయును, రుచిలో రవ్వంత భేదముండదు. అందుకే రైతు అంటు కట్టును. దేవుని తోటలో అట్లు కాదు. తిమోతి రెండవ పౌలు కాలేదు, కావలెనని పౌలు కోరనూ లేదు. సౌలు రాజు గొల్యాతుమీదికి పోవుచున్న దావీదునకు తన యుద్ధవస్త్రములు తొడిగించి తన కత్తి కట్టించెను (1 సమూ. 17:38-39). అందులో దురుద్దేశమేమియు లేదు; ఉన్నవాటిలో మంచిదే ఇచ్చెను. కాని ఆ పిల్లవాడు వాటితో నడువలేక తీసివేసి, వాగులోని రాళ్లు ఏరుకొనెను. మనము కూడ మన స్వరము, మన ప్రసంగపు తీరు, మన కోపము సహా చిన్నవారికి తొడుగజూచుచుందుము. అయ్యగారివలెనే దగ్గి, అయ్యగారివలెనే బల్ల గ్రుద్ది ప్రసంగించు యౌవనస్థుని చూచి సంతోషింతుము. నాకైతే అట్టివానిని చూచినప్పుడు కొంచెము దిగులు కలుగును.

ఆ సౌలు, దావీదుల కథలోనే ఈ ప్రశ్నయొక్క ముల్లు ఉన్నది. కవచము ఇచ్చినంతవరకు సౌలు మంచివాడే. స్త్రీలు ఎదురువచ్చి పాడిన పాటలో తనకు వేలును దావీదునకు పదివేలును లెక్క కట్టినప్పుడు ఆ దినమునుండి అతని కన్ను మారెను (1 సమూ. 18:7-9). చిన్నవాడు మనకంటె తక్కువగా నున్నంతకాలము అతనిని పెంచుట సుఖమైన పని. మనకంటె బాగుగా ప్రార్థింప నారంభించిన దినము, రోగి తనయొద్దకు అయ్యగారిని కాక ఆ తమ్ముని పిలువుమని అడిగిన దినము, మన హృదయములో నేమి కదలునో దేవుడొక్కడే చూచును. దీనిని గూర్చి పాఠశాలలలో చెప్పరు. సెమినరీలో కూడ చెప్పరు.

బర్నబాను చూడుడి. యెరూషలేములో అందరును భయపడి దూరముంచిన సౌలును చేయి పట్టుకొని అపొస్తలులయొద్దకు తీసికొనివచ్చినది ఇతడే. అంతియొకయ పని పెరిగినప్పుడు తార్సునకు పోయి వెదకి తెచ్చినది ఇతడే. అపొస్తలుల కార్యములలో మొదట 'బర్నబాయు సౌలును' అని వ్రాయబడినది. పదుమూడవ అధ్యాయము ముగియకమునుపే 'పౌలును బర్నబాయు' అని పేర్లు తారుమారాయెను. లూకా దానిమీద ఒక్క వ్యాఖ్యయు చేయలేదు. బర్నబా సణిగెననియు వ్రాయలేదు. లుస్త్రలో జనులు ఇద్దరిని దేవతలనుకొని బలులు అర్పింపవచ్చినప్పుడు ఇద్దరును కలిసి బట్టలు చింపుకొనిరి. పేరు వెనుకకు పోయినవాడును ముందుకు వచ్చినవాడును ఒకే దారిన నడచిరి.

మన తెలుగుదేశములో ఇట్టిది జరిగినదా? జరిగినది. అది మన సంఘముది కాదు, బాప్తిస్టు సహోదరుల చరిత్ర. అయినను మేలు ఎక్కడ నుండినను మేలే. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. ఒంగోలులో నున్న క్లౌ దొరగారు ఆకలితో చచ్చుచున్నవారికి కూలి దొరుకుటకై బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొనెను. ఆ పనిలో కూలివారి గుంపులమీద మేస్త్రీలుగా నిలిచినది ఆయన తెలుగు బోధకులే. పగలు మట్టి కొలిచిరి, విశ్రాంతి వేళ ఆ కూలివారి మధ్యనే కూర్చుండి సువార్త చెప్పిరి. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో వెలంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము అనేకసారులు వినియున్నాము. ఆ నీటిలో నిలిచినవారెవరను సంగతి అంతగా చెప్పుకొనము. అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, అలసినప్పుడు ఒకరి స్థానమున ఒకరు దిగి ఆ దినపు పని ముగించిరి. అట్టి దినము ఒక మిషనెరీ జీవితములో రెండుమారులు రాదు. ఆ గౌరవము తన చేతులలోనే ఉంచుకొనవలెనని ఎవరికైనను తోచును. అది ఆ ఆరుగురి చేతులమీదుగా జరిగినది. కాలువ గట్టున మట్టి కొలిచినప్పుడే వారికి పని యావత్తు తెలిసియుండెను గనుక నీటిలో దిగినప్పుడు క్రొత్తవారు కాలేదు.

అన్ని చోట్ల అట్లు జరుగలేదు. దానిని గూర్చి నలుగురిలో నోరు తెరచి చెప్పినవాడు మనవాడే, అజరయ్యగారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతమున వెళ్ళాలన్‌విళై అను పల్లెలో పుట్టెను. తండ్రి పల్లెటూరి పాదిరి. 1909లో స్వదేశపు మిషనెరీగా దోర్నకలు వచ్చి తెలుగు నేర్చుకొనెను. 1910లో స్కాట్లండు దేశపు ఎడింబరోలో లోకమందలి మిషనులన్నిటి గొప్ప సభ కూడినప్పుడు, ముప్పదియైదేండ్ల వయస్సున ఆ సభ యెదుట నిలిచి, మిషనెరీలకును భారతీయ పనివారికిని మధ్యనున్న సంబంధమును గూర్చి మాటలాడెను. మీరు త్యాగము చేసితిరి, సంఘము మీకు ఋణపడియున్నది, ఇంక మాకు కావలసినది స్నేహితులు అని దాని సారము. ఒకే పనిలో ఏండ్ల తరబడి కలిసియుండియు, ఒకరి యింట ఒకరు కూర్చుండి భోజనము చేయని స్థితిని గూర్చి ఆయన దాచలేదు. కొందరికి కోపము వచ్చెను. అయినను ఆయన తన స్నేహితుల పేరు చెప్పుటకు కొదువలేదు. వై.ఎం.సి.ఎ.లో ఆయనతో కూడ పనిచేసిన షెర్వుడ్ ఎడ్డీగారు అట్టివారు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారు, మిషనెరీలలోను భారతీయులలోను అనేకులు వద్దన్నను పట్టు విడువక, ఈయన బిషప్పు కావలెనని నిలిచెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు దోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘమున అట్లయిన మొదటి భారతీయుడు. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములు కూడ ఆ డయోసీసులో చేరినవి. మన తాతలలో అనేకులు ఆయన చేతులక్రింద మోకరించి ధృవీకరణ పొందినవారే.

ఆయన అడిగిన మాటను గమనింపుడి. ఎక్కువ జీతము అడుగలేదు, ఎక్కువ పని అడుగలేదు. ప్రభువు ఆ రాత్రి ఇచ్చిన పేరునే అడిగెను. తాను బిషప్పయిన పిమ్మట దానిని మరువలేదు కూడ. క్రొత్తగా బాప్తిస్మము పొందు పల్లెవారిని, తమ చేయి తమ తలమీద పెట్టుకొని, సువార్త చెప్పకపోయిన నాకు శ్రమ అను పౌలు తీర్మానమును తమ తీర్మానముగా పలుకుమనెను. అక్షరము రాని కూలివానిని ఆ దినముననే పనివానిగా లెక్కించెను.

ఇప్పుడు మన మధ్య తెల్లదొరలు లేరు. ఆ కుర్చీలో మనమే కూర్చుండియున్నాము. 1910లో అజరయ్యగారు మిషనెరీలను అడిగిన ప్రశ్నను నేడు చాపమీద కూర్చున్న యౌవనస్థుడు మనలను అడుగవచ్చును. అడుగుట లేదు, లేచి పోవుచున్నాడు. కొందరు ఊరికి పోవుచున్నారు. కొందరు ఊరిలోనే మరియొక వీధిలో రేకుల షెడ్డు వేసి, క్రొత్త పేరుతో బోర్డు పెట్టుచున్నారు. నేర్చుకొని చీల్చుకొనిపోయెనని మనము బాధపడుదుము. ఆ బాధలో నిజము లేకపోలేదు. అహంకారముతో చీలినవారు కలరు. డబ్బు కొరకు చీలినవారు కలరు. కాని ఒక్కొక్కసారి నాకు తోచునది, పది సంవత్సరములు చేతిక్రింద నుంచబడి, ఒక్క సంగతియు చెప్పబడనివాడు తనకు తెలిసిన ఒక్క దారిని పెద్దవాడైనాడేమో యని.

పెద్దలు చెప్పు అభ్యంతరమును నేను తేలికగా త్రోసివేయను. లెక్క చూపిన పొరపాటు చేయును. కుటుంబ రహస్యము చెప్పిన బయట పడవేయును. ప్రసంగమునకు పెట్టిన దుర్బోధ చేయును. నిజమే, చేయవచ్చును. అందుకే పౌలు క్రొత్తగా చేరినవానిని అధ్యక్షుని చేయవద్దనెను, త్వరపడి ఎవనిమీదను హస్తనిక్షేపణము చేయవద్దనెను. ఆ మాటలు వ్రాసినది తిమోతికే గదా! తొందరపడవద్దని చెప్పినది తానే తొందరపడక పెంచిన పిల్లవానితో. అయితే స్నేహితులను పేరు పెట్టిన ఆ రాత్రి సంగతి కూడ మరువకూడదు. ఆ పేరు పొందిన కొన్ని గంటలకే వారందరును పారిపోయిరి. పారిపోవుదురని ప్రభువు ఎరిగియుండెను, వారితో చెప్పెను కూడ. ఎరిగియు పేరు పెట్టెను. వారు పూర్తిగా నమ్మదగినవారైన తరువాత పేరు పెట్టుదునని ఆగినయెడల, ఆ పేరు నేటివరకును ఎవరికిని వచ్చియుండదు.

మా ప్రక్క సంఘములలో ఒక పెద్దాయన ఉండెను, కోశాధికారి. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత కానుక లెక్కించునప్పుడు ఒక యౌవనస్థుని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట అలవాటు చేసెను. మొదట చిల్లర దొంతరలు పెట్టించెను. కొన్ని నెలలకు మొత్తము కూడించెను. ఆ పిమ్మట ఖర్చులు చెప్పనారంభించెను: ఈ నెల కరెంటు బిల్లు ఇంత, ఆ విధవరాలి మందులకు ఇంత, ఇది ఎవరితోను అనకుము. రెండు సంవత్సరములు గడచినవి. ఒక ఆదివారము కళ్లజోడు ఇంటియొద్ద మరచివచ్చితిని, నీవే వ్రాసి సంతకము పెట్టుమనెను. మరుసటి ఆదివారము కూడ మరచెను. నిజముగా మరచెనో లేదో నేను అడుగలేదు. ఆ యేడాది ఖాతాలో ఒకచోట కూడిక తప్పినది. పెద్దాయన కమిటీలో లేచి, తప్పు ఇద్దరిదియు, ఇద్దరము సరిచేయుదుమని చెప్పి కూర్చుండెను. తరువాత ఆ యౌవనస్థుడు ఒక సంగతిలో పెద్దాయనకే ఎదురు చెప్పెను. మందిరపు స్థలములోని రెండు మామిడిచెట్ల కాపును ఏటేట పూతమీదనే చుట్టమొకనికి గుత్తకు ఇచ్చుచుండిరి; అది పాట పెట్టవలెనని ఇతని మాట. పెద్దాయన ముఖము ఎర్రబడెను. కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, 'పాట పెట్టుడి' అనెను. ఆ యౌవనస్థుడు ఆ దినమున జతపనివాడాయెనని నేను ఎంచుదును. 'అట్లేనండి' అని తల ఊపిన దినములలో కాదు. అంతియొకయలో పౌలు కేఫాను ముఖాముఖిగా ఎదిరించినప్పుడు (గలతీ 2:11) సంఘము పడిపోలేదు గదా.

యౌవనస్థులతో కూడ ఒక మాట. అంటుమొక్క నాటిన మొదటి మూడు నాలుగేండ్లు పూత వచ్చినను రైతు తుంచివేయును. చూచువానికి అది అన్యాయముగా కనబడును. లేత వయస్సున కాపు పట్టిన చెట్టు ఎదుగదని రైతునకు తెలియును. మీ వీడియో వేయిమంది చూచిరని, పాట బాగున్నదని, ప్రక్క ఊరివారు పిలిచి శాలువ కప్పిరని, ఆ పూతనే కాపనుకొనవద్దు. ఎవరును చూడని చోట ఒక రోగియొద్ద రాత్రి కూర్చుండగలరా, ఒక ముసలివాని ఒకే కథను పదియవసారి వినగలరా అని చూచుకొనుడి. తుంచువాడు శత్రువు కాడు. అయితే అయిదు, ఆరు, పది సంవత్సరములు దాటినను తుంచుచునే యున్న రైతు సంగతి వేరు; వానితో నేను పైన మాటలాడితిని.

చెల్లెండ్రను విడిచి మాటలాడితినని తలంపకుడి. మన సండే స్కూళ్లు నడుచుచున్నది ఎక్కువగా వారి కష్టము వలననే. అపొల్లో వంటి విద్వాంసుని చేర్చుకొని మార్గమును మరి పూర్తిగా విశదపరచిన యింటిలో ప్రిస్కిల్ల పేరు ముందుగా నున్నది (అపొ. 18:26). అందరి యెదుట సవరింపక, ఇంటికి తీసికొనిపోయి చెప్పిరి. ఆ పద్ధతిని ఇప్పటి పెద్దలు కూడ నేర్చుకొనదగును. దక్షిణ ఇండియా సంఘములో 2013లో ఇ. పుష్పలలితగారు నంద్యాల డయోసీసునకు బిషప్పుగా అభిషేకము పొందిరి. అట్టి దినము వచ్చినది. ఇంకను మన పల్లె కమిటీలలో స్త్రీల సమాజపు తల్లికి లెక్క తెలియదు, ఆమె వండిన భోజనము మాత్రము కమిటీకి తెలియును.

పౌలు చివరి పత్రికను చదివినవారికి మార్కు సంగతి తెలియును. పెర్గేలో పని విడిచి వెనుకకు పోయిన యౌవనస్థుడు. అతనిని మరల వెంట తీసికొనుటనుగూర్చి పౌలునకును బర్నబాకును ఎంత తీవ్రమైన వాదము కలిగెననగా, ఇద్దరును వేరై చెరియొక దారిని పోయిరి. బర్నబా మార్కును తీసికొని కుప్రకు ఓడ ఎక్కెను. ఆ తరువాత ఆ దీవిలో ఏమి జరిగెనో, ఆ పిల్లవానిని ఎట్లు నిలువబెట్టెనో లేఖనము చెప్పలేదు. సంవత్సరములు గడచినవి. పౌలు ముసలివాడై, రోమాలో బంధకములలోనుండి, మరణము దగ్గరపడినదని తెలిసి తిమోతికి వ్రాయుచున్నాడు. లూకా తప్ప దగ్గర ఎవరును లేరు. చలికాలము వచ్చుచున్నది. త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీ కావలెను, పుస్తకములు కావలెను, ముఖ్యముగా చర్మపు కాగితములు కావలెను. తిమోతి చలికాలమునకు ముందే రావలెను. వచ్చునప్పుడు ఒంటరిగా రాక, మార్కును వెంటబెట్టుకొని రావలెను. పరిచర్యలో అతడు తనకు అక్కరకు వచ్చువాడు.